కరెంటు రాగానే లేచి కూర్చునే కంప్యూటర్

చిన్న లినక్స్ డబ్బా (మినీ కంప్యూటర్) నిద్ర, అంటే సస్పెండ్, గురించి ఎవరు ఫోన్ చేసినా నేను ముందు మోడల్ అడగను. "ఎన్నింటికి లేచింది?" అని అడుగుతాను. చాలామందికి ఈ ప్రశ్న చిరాకు. "ఎన్నింటికో నాకేం తెలుసండీ, పొద్దున చూసేసరికి ఫ్యాన్ తిరుగుతా ఉంది" అంటారు. వాళ్ళకు తెలియకపోయినా డబ్బాకి తెలుసు. రాసి కూడా పెట్టుకుంటుంది. ఆ టైము సంగతి చూడకుండా, నెట్‌లో దొరికిన కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రాం) పారామీటర్లన్నీ గ్రబ్‌లో (ఆన్ కాగానే లినక్స్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం) అతికించి, ఏది ఎందుకు పెట్టారో మర్చిపోయాక నా దగ్గరికి తెచ్చేవాళ్ళే ఎక్కువ.

ముందే ఒక మాట. కమాండ్లూ ఫైళ్ళ పేర్లూ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, కొట్టేటప్పుడు ఇంగ్లీషులో కొట్టుకోండి. పక్కన కూర్చుని చెబుతున్నట్టు చదువుకుంటే ఇబ్బంది ఉండదు.

నేను గుంటూరులో ఒక పాలిటెక్నిక్ ల్యాబులో టెక్నీషియన్ని. సాయంత్రాలు, ఆదివారాలు బంధువుల కంప్యూటర్లు చూస్తుంటాను. ఇప్పుడందరూ కొనేవి మానిటర్ వెనక తగిలించే చిన్న డబ్బాలే. 2023లో ఇంటెల్ ఎన్100 చిప్పు వచ్చాక ఇవి మరీ ఎక్కువయ్యాయి. నాలుగు కోర్లు, 6 వాట్ల చిప్పు. బిల్లులు రాసుకోడానికి, మెయిల్ చూసుకోడానికి ఇంకేం కావాలి? నేను డెబియన్ అనే లినక్స్ వేసి ఇస్తాను. బంధువుల దగ్గర డబ్బులు తీసుకోను కాబట్టి, వాళ్ళు ఫోన్ చేయడానికి మొహమాటపడరు.

మా మేనమామది చుట్టుగుంట దగ్గర మిర్చి కమీషన్ కొట్టు. తేజ రకం మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎన్ని, కాటా ఎంత తూగింది, రైతుకి పట్టీ (లెక్క చీటీ) ఎంత, అన్నీ ఒక చిన్న డబ్బాలోనే. పోయిన వేసవిలో ఒకరోజు ఫోన్ చేశాడు.

"ఏంది అల్లుడూ, మన డబ్బా రాత్రుళ్ళు దానంతటదే లేస్తందంట. ఉన్నట్టుండి స్క్రీన్ వెలుగుద్దంట. వాచ్‌మన్ దడుచుకుంటన్నాడు."

"ఎన్నింటికి లేస్తంది మామయ్యా?"

"నేను రాత్రి కొట్లో పడుకుంటన్నానా ఏంది?"

వెళ్ళాను. టెర్మినల్ తెరిచి జర్నల్‌సీటీఎల్ మైనస్ కె అని కొట్టి కెర్నల్ లాగ్ తెప్పించి, అందులో "పీఎం: సస్పెండ్" అన్న లైన్లు మాత్రం ఏరాను. డబ్బా పడుకున్న ప్రతిసారీ "సస్పెండ్ ఎంట్రీ", లేచిన ప్రతిసారీ "సస్పెండ్ ఎగ్జిట్" అని కెర్నల్ రాస్తుంది. ఎంట్రీ పక్కన బ్రాకెట్లో డీప్ అనో, ఎస్2ఐడిల్ అనో కూడా ఉంటుంది, అవి నిద్రలో రకాలు, తర్వాత చెబుతాను. ఇక్కడ చాలామంది ఒకచోట తికమకపడతారు. పడుకునే క్రమంలో లాగ్ రాసే ప్రోగ్రాం కూడా గడ్డకట్టిపోతుంది కదా, ఆ తర్వాత కెర్నల్ అన్న మాటలన్నీ అది మేలుకున్నాకే రాసుకుంటుంది. అందుకే నిద్రలోకి జారుతున్నప్పటి లైన్ల పక్కన కూడా లేచిన టైమే కనబడుతుంది. మధ్యలో లైన్ల టైములు నమ్మొద్దు. ఎంట్రీ, ఎగ్జిట్ రెండూ చాలు.

లేచిన టైముల్లో నాకు ఏ వరసా కనబడలేదు. ఒకరోజు ఒంటిగంట దాటాక, ఇంకోరోజు తెల్లవారుజామున, కొన్ని రాత్రులు అసలు లేవనే లేదు. అలారం అయితే రోజూ ఒకే టైముకి లేవాలి. వాచ్‌మన్‌ని అడిగితే, "కరెంటు పోయిన రోజునే అండీ" అన్నాడు. మామయ్య కొట్టిపారేశాడు. డబ్బా ఇన్వర్టర్ మీదుంది, కరెంటు పోతే దానికేం తెలుస్తుంది అని.

కొట్లో సీసీ కెమెరా రికార్డర్ ఇన్వర్టర్ మీద లేదు, మామూలు లైన్ మీద ఉంది. కరెంటు పోయినంతసేపూ రికార్డింగ్ ఉండదు. దాని టైమ్‌లైన్‌లో ఆ ఖాళీలు తెల్లగా కనిపిస్తాయి. జర్నల్‌ని ఒక పక్క, ఆ ఖాళీలని ఒక పక్క పెట్టుకుని చూశాం. ఖాళీ ఎక్కడ ముగిసిందో, ఆ తర్వాత కొద్దిసేపటికే "సస్పెండ్ ఎగ్జిట్". ఒకటి కాదు, అన్నీ అంతే. కరెంటు పోయినప్పుడు డబ్బా లేవట్లేదు. వచ్చినప్పుడు లేస్తోంది.

కరెంటు రాగానే కొట్లో ఏం మేలుకుంటుంది? రౌటర్. అది కూడా మామూలు లైన్ మీదే ఉంది. అది లేచి తన పోర్టులు తెరవగానే, నెట్‌వర్క్ కేబుల్ ఇటుపక్క కొసన ఉన్న డబ్బా కార్డుకి లింక్ వచ్చినట్టు తెలుస్తుంది. కంప్యూటర్ పడుకున్నా నెట్‌వర్క్ కార్డుకి కొంచెం కరెంటు అందుతూనే ఉంటుంది. పడుకున్న డబ్బా వెనక ఆ పోర్టు దగ్గర చిన్న లైటు మిణుకుమంటుందే, అది అందుకే.

ఈథ్‌టూల్ అని కొట్టి పక్కన కార్డు పేరు ఇస్తే చివర్లో రెండు లైన్లు వస్తాయి. "సపోర్ట్స్ వేక్ ఆన్" అనేది కార్డుకి ఏమేం చేతనవునో చెబుతుంది. "వేక్ ఆన్" అనేది ఇప్పుడు ఏవేవి తెరిచి ఉన్నాయో చెబుతుంది. మామయ్య డబ్బాలో రెండోదాని పక్కన పి, జి అని రెండక్షరాలున్నాయి. జి అంటే మ్యాజిక్ ప్యాకెట్: ఎఫ్ఎఫ్ బైట్లు ఆరు, ఆ వెనకే ఆ కార్డు మ్యాక్ అడ్రస్ 16 సార్లు, మొత్తం 102 బైట్లు. అది కావాలని పంపితే తప్ప రాదు, దానివల్ల గొడవలేదు. పి అంటే వైర్లో కదలిక. ఆ డ్రైవరు లెక్కలో లింక్ పైకి రావడమే కదలిక. దొంగ దొరికాడు.

పి తీసేసి జి ఒక్కటే ఉంచాను, ఎందుకంటే ఆడిటర్ గారి అబ్బాయి ఎప్పుడైనా బయటినుంచి లేపుకుంటాడు. ఈథ్‌టూల్‌తో చేసిన మార్పు రీస్టార్ట్‌తో పోతుంది. అందుకని నెట్‌వర్క్ మేనేజర్‌లోనే, ఆ కనెక్షన్ సెట్టింగుల్లో వేక్ ఆన్ ల్యాన్ అన్నదానికి మ్యాజిక్ అని రాసిపెట్టాను. గ్రబ్‌ని ముట్టుకోలేదు. మామయ్య చూసి, "ఒక్కక్షరం పీకావు, అంతేనా?" అన్నాడు. ఆయనకి పెద్ద రిపేరు జరిగితే తప్ప తృప్తి ఉండదు.

మా ఇంట్లో డబ్బాది వేరే కథ. అది టీవీ కింద అలమరలో ఉంటుంది. మా అత్తయ్య గారు ప్రవచనాలు వింటారు. విని, రిమోట్‌తో టీవీ కట్టేస్తారు. డబ్బా కాసేపు చూసి తనే పడుకుంటుంది. పడుకుందని లాగ్ చెబుతోంది, ఎంట్రీ అని లైన్ ఉంది. కానీ మే నెల మధ్యాహ్నం ఒకసారి అలమరలో చెయ్యి పెట్టి చూస్తే వేడిగా ఉంది. గదే వేడి అనుకోవచ్చు. ఆ పక్కనే ఆపేసి ఉన్న సెట్‌టాప్ బాక్సు మీద చెయ్యి పెట్టాను, తేడా తెలిసింది. నిజంగా పడుకున్న డబ్బా గది వేడిని మించి ఉండకూడదు.

దీనికి కారణం, లినక్స్‌లో ఇలాంటి నిద్రలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పాత ఎస్3, దాన్నే డీప్ అంటారు. అందులో మెమరీకి తప్ప దాదాపు దేనికీ కరెంటు ఉండదు. రెండోది ఎస్2ఐడిల్. అందులో ప్రోగ్రాములన్నీ ఆగుతాయి, పరికరాలు ఒక్కొక్కటీ సద్దుమణుగుతాయి, ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంటుంది. అన్నీ సవ్యంగా సద్దుమణిగితే అది కూడా బాగానే కరెంటు ఆదా చేస్తుంది. ఏ ఒక్క పరికరం మొండికేసినా చిప్పు లోతైన దశకి దిగదు. పైకి నిద్ర, లోపల మెలకువ. సిస్ కింద పవర్, అందులో మెమ్_స్లీప్ అనే ఫైల్ని క్యాట్ కమాండుతో చూస్తే మీ డబ్బాకి ఏవేవి వచ్చో కనబడుతుంది. బ్రాకెట్లో ఉన్నది ప్రస్తుతం వాడుతున్నది. డీప్ అనే మాటే అక్కడ లేకపోతే, బయాస్ (లినక్స్ కన్నా ముందు లేచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) దాన్ని ఇవ్వట్లేదన్నమాట. అప్పుడు కెర్నల్ పారామీటర్‌గా మెమ్_స్లీప్_డిఫాల్ట్ ఈక్వల్స్ డీప్ అని ఎన్నిసార్లు రాసినా దండగ. లేనిదాన్ని పారామీటర్ పుట్టించలేదు. బయాస్‌లో ఏసీపీఐ అనే పవర్ సెట్టింగుల కింద ఎస్3 అని ఎక్కడైనా ఉందేమో వెతకండి. కొన్ని డబ్బాల్లో ఉంటుంది.

మా డబ్బాలో డీప్ లేదు. ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే, మేలుకుని ఊరికే ఉన్నప్పటికీ పడుకున్నప్పటికీ అంకె పెద్దగా మారలేదు. మీటర్ లేనివాళ్ళకి కూడా దారి ఉంది. సిస్, డివైసెస్, సిస్టమ్, సీపీయూ, సీపీయూఐడిల్ దాకా వెళ్తే, ఇంటెల్ చిప్పుల్లో లో_పవర్_ఐడిల్_సిస్టమ్_రెసిడెన్సీ_యూఎస్ అని ఒక ఫైలు ఉంటుంది. సిస్టమ్ మొత్తం లోతైన దశలో ఎన్ని మైక్రోసెకన్లు గడిపిందో అందులో ఉంటుంది. పడుకోబెట్టి లేపాక కూడా అక్కడ సున్నాయే ఉంటే, అది కళ్ళు మూసుకుని పడుకుందే గానీ నిద్రపోలేదు.

మా దాంట్లో సున్నాయే. నేను ఎక్కువసేపు దాంతో కుస్తీ పట్టలేదు. రాత్రిపూట పడుకోబెట్టడం మానేసి ఆపేస్తున్నాం. పగలు పడుకున్నంతసేపూ ఆ అరనిద్రే. ఆ చిన్న చిప్పు మేలుకుని ఉన్నా ఒక బల్బు అంత కూడా తినదు కాబట్టి ఫర్వాలేదు. దీని వెనక వారాలు వారాలు పడే కుర్రాళ్ళని చూస్తుంటాను. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కోసం పడాలి, ఒప్పుకుంటాను. గోడకి గుచ్చిన డబ్బాకి అంత అవసరమా?

దానికే ఇంకో జబ్బు ఉండేది. టీవీ చూడకపోయినా పగలు లేచి కూర్చునేది. ఈసారి ఖాళీలు వెతికే పని లేదు, అందరం ఇంట్లోనే ఉన్నాం. ఫ్యాన్ ఐదులో పెట్టినప్పుడు టీపాయ్ మీద న్యూస్ పేపర్ లేచి వైర్‌లెస్ మౌస్‌కి తగిలేది, అంతే. మౌస్ కదిలితే లేవాలా వద్దా అన్నది కెర్నల్ చేతిలో ఉంది. కీబోర్డులకి లేపే హక్కు మామూలుగానే ఇస్తుంది. ఈ వైర్‌లెస్ సెట్లకి రిసీవర్ ఒక్కటే, అది కీబోర్డునని చెప్పుకుంటుంది. దాంతో ఆ రిసీవర్‌కి హక్కు వచ్చేస్తుంది, మౌస్ కూడా దాని చాటున దూరిపోతుంది.

దీనికి నెట్‌లో ఎక్కువగా కనిపించే మందు, ప్రాక్ కింద ఏసీపీఐలో వేకప్ అనే ఫైల్లోకి ఎక్స్‌హెచ్‌సీ అని ఎకో కమాండుతో రాయమనడం. పనిచేస్తుంది. కానీ రెండు సంగతులు చెప్పరు. ఒకటి, అది గడియ లాంటిది కాదు, స్విచ్ లాంటిది: ఒకసారి రాస్తే ఆగుతుంది, మళ్ళీ రాస్తే తెరుచుకుంటుంది. రెండుచోట్ల స్టార్టప్ స్క్రిప్టుల్లో పెట్టుకుంటే ఒకదాన్ని ఇంకోటి రద్దు చేస్తుంది. రాసే ముందు ఆ లైన్లో ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూసి రాయాలి. రెండోది, ఎక్స్‌హెచ్‌సీ అంటే మొత్తం యూఎస్‌బీ. దాన్ని ఆపితే ఇక కీబోర్డు కూడా లేపలేదు, పవర్ బటనే గతి. మా అత్తయ్య గారు అలమరలో వంగి బటన్ నొక్కరు. కాబట్టి ఆ ఒక్క రిసీవర్‌కే ఆపాను. సిస్, బస్, యూఎస్‌బీ, డివైసెస్ కింద దాని ఫోల్డర్‌లో, పవర్ లోపల వేకప్ అనే ఫైలు ఉంటుంది. అందులో డిసేబుల్డ్ అని రాయాలి. పర్మనెంట్‌గా కావాలంటే యూడెవ్ రూల్ (పరికరం కనబడగానే లినక్స్ పాటించే నియమం) రాసుకోవాలి. ఆవిడకి వైరున్న చిన్న కీబోర్డు ఒకటి ఇచ్చాను, దాని స్పేస్ బార్ నొక్కితే లేస్తుంది.

ఇక లేవని డబ్బాలు. ఇక్కడ మొట్టమొదట తేల్చుకోవాల్సింది అది లేవలేదా, లేచి కనబడట్లేదా అని. బెజవాడ సత్యనారాయణపురంలో మా పిన్ని వాళ్ళది అలాంటిదే. "లేవట్లేదు నాన్నా, నల్లగా ఉంది" అంది ఫోన్లో. క్యాప్స్ లాక్ నొక్కమన్నాను. కీబోర్డు మీద లైటు వెలిగింది. అంటే కెర్నల్ బతికే ఉంది. మా తమ్ముడు ఫోన్లో టెర్మక్స్ యాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీద లాగిన్) కొడితే లోపలికి కూడా వెళ్ళాడు. డబ్బాకి రోగం లేదు. టీవీ ఆపి ఉండగా డబ్బా లేస్తే, హెచ్‌డీఎంఐ అవతల ఎవరూ లేరనుకుని బొమ్మ పంపడం మానేస్తోంది. తర్వాత టీవీ పెట్టినా పట్టించుకోవట్లేదు. అప్పటికి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి వేరే కన్సోల్‌కి వెళ్ళి తిరిగి వస్తే బొమ్మ వచ్చింది. తర్వాత నేను వెళ్ళినప్పుడు కెర్నల్ లైన్లో వీడియో ఈక్వల్స్ హెచ్‌డీఎంఐ-ఏ-1, ఆ పక్కన కోలన్ పెట్టి రిజల్యూషన్, చివర పెద్ద (క్యాపిటల్) డి అక్షరం చేర్చాను. ఆ డి ఉంటే అవతల టీవీ ఉన్నా లేకపోయినా ఆ పోర్టు తెరిచే ఉంచుతుంది. పోర్టు పేరు మీ డబ్బాలో వేరే ఉండొచ్చు. సిస్, క్లాస్, డీఆర్ఎం కింద చూసుకోండి.

నిజంగానే లేవని డబ్బా ఒకటి మా పక్కింటి కుర్రాడిది. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. పాత ఇంటెల్ ఆటమ్ చిప్పు డబ్బా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. పడుకుంటే ఇక అంతే. క్యాప్స్ లాక్ లైటు లేదు, నెట్‌వర్క్‌లో పింగ్ కొట్టి పలకరిస్తే జవాబు లేదు, పవర్ బటన్ నొక్కి పట్టుకోవాలి. అప్పటికే వాడి గ్రబ్ లైను రెండు వరసలు అయింది. "ముందు ఇవన్నీ తీసెయ్ రా" అన్నాను. "ఒక్కటన్నా ఉంచుదాం అంకుల్" అని బతిమాలాడు. ఒకటి ఉంచాను: ఇంటెల్_ఐడిల్ డాట్ మ్యాక్స్_సీస్టేట్ ఈక్వల్స్ 1. బే ట్రయల్ తరం ఆటమ్‌లు మేలుకుని ఉండగానే బిగుసుకుపోయే తెగులు ప్రసిద్ధం, దానికి ఇది పాత చిట్కా. ఆ బిగుసుకుపోవడాన్ని నిద్ర ఖాతాలో వేయకుండా ఉండాలంటే ముందు దాన్ని పక్కకి తప్పించాలి.

ఆ తర్వాత వాడికి నేర్పింది పీఎం_టెస్ట్. అసలు నిద్ర ఒక్క దూకు కాదు, మెట్లున్నాయి. ముందు ప్రోగ్రాములు గడ్డకడతాయి. తర్వాత పరికరాలు ఒక్కొక్కటీ ఆగుతాయి. తర్వాత ప్లాట్‌ఫామ్, ఆ తర్వాత మిగతా ప్రాసెసర్ కోర్లు, చివరికి అసలు గుండె. సిస్ కింద పవర్‌లో పీఎం_టెస్ట్ అనే ఫైల్లో ఫ్రీజర్, డివైసెస్, ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్ అని ఈ మెట్ల పేర్లుంటాయి. మీరు ఏ మెట్టు పేరు అందులో రాస్తే, తర్వాత నిద్ర కమాండు ఇచ్చినప్పుడు కెర్నల్ అంతవరకే దిగి, 5 సెకన్లు ఆగి, వెనక్కి ఎక్కి వస్తుంది. ఫ్రీజర్‌తో మొదలెట్టి ఒక్కోటీ దిగండి. ఎక్కడ తిరిగి రాలేదో అక్కడ తప్పు. ఈ పరీక్షలో ఏ మెట్టు దగ్గరా డబ్బా నిజంగా నిద్రపోదు.

కుర్రాడు ఫ్రీజర్ అని రాశాడు. 5 సెకన్లు, వచ్చింది. డివైసెస్ అని రాశాడు. స్క్రీన్ నల్లబడింది. ఇద్దరం వేళ్ళ మీద లెక్కపెట్టాం. పది దాటింది, ఇరవై దాటింది. రాలేదు. వాడి మొహంలో ఆనందం చూడాలి! డబ్బా చచ్చినందుకు అంత సంతోషపడ్డవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు. ఇక పరికరాల్లోనే ఎవరో ఒకరు. వైఫై మాడ్యూల్‌ని (దాని డ్రైవర్ని) మోడ్‌ప్రోబ్ మైనస్ ఆర్ కొట్టి తీసేసి మళ్ళీ అదే మెట్టు దింపితే చక్కగా తిరిగి వచ్చింది. అనుమానం వైఫై మీదకే ఎందుకు వెళ్ళిందంటే, ఈ చవక డబ్బాల్లో నాకు ఎక్కువగా దొరికే దొంగ అదే. అది కాకపోతే బ్లూటూత్, తర్వాత కార్డ్ రీడర్.

పరిష్కారం చిన్న స్క్రిప్టు. యూఎస్ఆర్, లిబ్, సిస్టమ్‌డి కింద సిస్టమ్-స్లీప్ అనే ఫోల్డర్ ఉంది. అందులో పెట్టిన ప్రతి స్క్రిప్టునీ పడుకునే ముందు ప్రీ అనే మాటతో, లేచాక పోస్ట్ అనే మాటతో సిస్టమ్‌డి (లినక్స్‌లో పనులన్నీ మొదలుపెట్టి నడిపే ప్రోగ్రాం) పిలుస్తుంది. ప్రీ అంటే వైఫై మాడ్యూల్ తీసెయ్, పోస్ట్ అంటే మళ్ళీ ఎక్కించు. స్క్రిప్టుకి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వడం మర్చిపోవద్దు, పరీక్ష అయ్యాక పీఎం_టెస్ట్‌లో నన్ అని తిరిగి రాయడం అస్సలు మర్చిపోవద్దు. లేకపోతే రీస్టార్ట్ చేసేదాకా డబ్బా 5 సెకన్ల కునుకులే తీస్తుంది. అన్నీ అయ్యాక కుర్చీలోంచి లేవకుండా పరీక్షించడానికి ఆర్‌టీసీవేక్ అనే కమాండు ఉంది. మైనస్ ఎం మెమ్, మైనస్ ఎస్ 60 అని ఇస్తే పడుకుని నిమిషానికి లేస్తుంది.

పీఎం_ట్రేస్ అని ఇంకో అస్త్రం ఉంది. పరికరాల్లో ఎవరి దగ్గర చచ్చిందో గుర్తుగా ఒక అంకెని బోర్డు మీది గడియారం చిప్పులో (దాన్నే ఆర్‌టీసీ అంటారు) దాచి, రీస్టార్ట్ అయ్యాక కెర్నల్ మాటలు చూపే డీమెసేజ్‌లో "హాష్ మ్యాచెస్" అని పేరు చెబుతుంది. గడియారంలో దాచడం వల్ల తేదీ అడ్డదిడ్డంగా అయిపోతుంది. ఆ డబ్బాలో లెక్కలు ఉంటే దాని జోలికి పోవద్దు. పట్టీ మీద తేదీ తప్పు పడితే మా మామయ్య నన్ను మిర్చి యార్డు గేటు దాటనివ్వడు.

పడుకోని డబ్బాల గురించి ఎక్కువ చెప్పేది లేదు. సిస్టమ్‌డి-ఇన్‌హిబిట్ మైనస్ మైనస్ లిస్ట్ కొడితే ఎవరు అడ్డుపడుతున్నారో పేరుతో సహా వస్తుంది. సగం సార్లు ఆగి ఉన్న వీడియో ప్లేయరో, ఏదో అప్‌డేటో. లిస్టులో ఎవరూ లేకుండా, పడుకోబోయి 20 సెకన్లకి తిరిగి లేస్తే, లాగ్‌లో "రిఫ్యూజింగ్ టు ఫ్రీజ్" అని చూడండి. గడ్డకట్టడానికి కెర్నల్ ఇచ్చే గడువు 20 సెకన్లు. నేను చూసినవాటిలో ఎక్కువ, పక్క కంప్యూటర్ ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీద మౌంట్ చేసుకుని, ఆ పక్క కంప్యూటర్ని ముందే ఆపేసినవి. జవాబు రాని ఫోల్డర్ కోసం ఎదురుచూస్తూ ఒక ప్రోగ్రాం కదలదు, దానివల్ల డబ్బా పడుకోదు. ఆపేవాళ్ళ వరస మార్చితే చాలు.

మా ల్యాబులో పిల్లలు రాస్‌బెరీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్ తెచ్చి "సర్, సస్పెండ్ రావట్లేదు" అంటుంటారు. రాదు. పై 4లోనూ మెమరీ నిద్ర లేదు, పై 5లోనూ లేదు. దాని కోసం రాత్రుళ్ళు పాడుచేసుకోకండి. కానీ 2023లో వచ్చిన పై 5కి గడియారం చిప్పు, పవర్ బటన్ బోర్డు మీదే ఉన్నాయి. ఈప్రామ్ (బోర్డు మీద బూట్ ప్రోగ్రాం ఉండే చిప్పు) సెట్టింగుల్లో పవర్_ఆఫ్_ఆన్_హాల్ట్‌ని 1, వేక్_ఆన్_జీపీఐఓని 0 చేసి, వేక్‌అలారం ఫైల్లో టైము రాసి ఆపేస్తే, పూర్తిగా ఆగి ఆ టైముకి దానంతటదే లేస్తుంది. గడియారానికి బ్యాటరీ తగిలించేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. ఛార్జ్ అయ్యే రకం వేరు, మామూలు బటన్ సెల్ వేరు. మామూలు సెల్ పెట్టి బోర్డులో ఛార్జింగ్ ఆన్ చేయకండి.

మామయ్య కొట్లో కూడా చివరికి ఈ దారే, ఆపేసి అలారంతో లేపడమే, పట్టాను. పి అక్షరం తీశాక డబ్బా రాత్రంతా పడుకుంటోంది, గొడవ లేదు. కానీ ఎండాకాలం రాత్రి కరెంటు బాగా ఎక్కువసేపు పోయి ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోతే, నిద్రలో ఉన్న మెమరీ తుడిచిపెట్టుకుపోతుంది. గుమస్తా సేవ్ చేయకుండా వదిలేసిన పట్టీ ఉంటే అదీ పోతుంది. హైబర్నేట్ (మెమరీని డిస్కులో రాసి పూర్తిగా ఆగడం) పెట్టొచ్చు, అందుకు మెమరీకి తగ్గ స్వాప్ (డిస్కులో దానికోసం వదిలిన చోటు) కావాలి, బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే కెర్నల్ మామూలుగా దాన్ని ఒప్పుకోదు. రాత్రి పనే లేని డబ్బాకి ఇదంతా ఎందుకు? సాయంత్రం ఆపేద్దాం, పొద్దున ఆరింటికి అదే లేస్తుంది అన్నాను.

"నేనొచ్చేసరికి లేచి ఉండాలి, అంతే" అన్నాడు.

అలారం గడియారం చిప్పులో ఉంటుంది కాబట్టి ముందు బటన్ సెల్ చూద్దామని డబ్బా విప్పాను. మిర్చి కొట్లో కంప్యూటర్ విప్పడం ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి చెబుతాను. ఫ్యాన్ రెక్కల మధ్య, రాగి పలకల సందుల్లో, ఎర్రటి మెత్తటి పొడి. మూత లేచిన మరుక్షణం నాకూ గుమస్తాకీ తుమ్ములు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, మెత్తటి బ్రష్‌తో బయట వరండాలో దులిపాను. సెల్ వైర్లతో ఒక మూలకి అతికించి ఉంది. సీఆర్2032, చిన్న ప్లగ్గుతో వస్తుంది. వోల్టేజీ పడిపోయి ఉంటే మార్చేశాను.

గుమస్తా అంతకు ముందే బయాస్‌లో ఆర్‌టీసీ అలారం ఆరుకి పెట్టి చూశాడట, పదకొండున్నరకి లేచిందట. సెల్ పాడైందనుకున్నాడు. సెల్ తప్పు కాదు. లినక్స్ గడియారం చిప్పులో మామూలుగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైము ఉంచుతుంది. మన టైము దానికి ఐదున్నర గంటలు ముందు. బయాస్‌కి మన దేశం సంగతి తెలియదు, చిప్పులో ఆరైనప్పుడు లేపింది. మనకి ఆరంటే అక్కడ 00:30. టైమ్‌డేట్‌సీటీఎల్ కొడితే "ఆర్‌టీసీ ఇన్ లోకల్ టీజెడ్: నో" అని చివర్లో కనబడేది ఈ సంగతే.

ఆ లెక్కల పీడ ఎందుకని బయాస్ అలారం తీసేసి స్క్రిప్టు రాశాను. డేట్ కమాండు చేత రేపు ఆరింటిని సెకన్ల అంకెగా మార్పించి, ఆర్‌టీసీవేక్‌కి మైనస్ టితో ఇచ్చి, మైనస్ ఎం ఆఫ్ అంటే, అలారం పెట్టి డబ్బాని ఆపేస్తుంది. సిస్టమ్‌డి టైమర్‌లో వేక్‌సిస్టమ్ అని కూడా ఒకటి ఉంది గానీ, అది పడుకున్నదాన్ని లేపుతుంది తప్ప ఆపేసినదాన్ని లేపలేదు. బయాస్‌లో కరెంటు తిరిగి వస్తే ఏం చేయాలి అన్నదాని దగ్గర పవర్ ఆఫ్ అని ఉంచాను. లేకపోతే ఇన్వర్టర్ అడుగంటిన రాత్రి మళ్ళీ వాచ్‌మన్ దడుచుకుంటాడు.

యార్డు సెలవు రోజుల్లో లేవకూడదు కదా. దానికి ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టాను, సెలవు తేదీలు లైనుకొకటి. గుమస్తా రాస్తాడు. రేపటి తేదీ అందులో ఉంటే స్క్రిప్టు ఎల్లుండికి జరుగుతుంది, అదీ ఉంటే ఆ మర్నాటికి. వేసవి సెలవులకి మాత్రం ఇది సరిపోకపోవచ్చు. గడియారం చిప్పు ఎంత దూరం అలారం పట్టగలదో డీమెసేజ్‌లో ఆర్‌టీసీ_సీమాస్ లైన్లో ఉంటుంది. కొన్నింటిలో ఒక రోజు, కొన్నింటిలో ఒక నెల, కొన్నింటిలో ఏడాది. మామయ్య డబ్బాలో "అలారమ్స్ అప్ టు వన్ మంత్" అని ఉంది. నెల దాటిన అలారం ఇస్తే తీసుకోదు. అందుకే యార్డు మూసే రోజున అలారం లేకుండా ఆపేసి, మెయిన్ కట్టేసి, తెరిచే రోజున గుమస్తాని బటన్ నొక్కమన్నాను.